కంటి వెనుక పోటు – బిళ్లలతో తిరగబెట్టే తలనొప్పి

ఒక జనవరి ఉదయం దవాఖానా తలుపు తీసేసరికి రాయగడ నుంచి వచ్చిన భార్యాభర్తలు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయనకు నలభై దాటాయి. కుడికన్ను ఎర్రబడి ఉంది, రెప్ప కొంచెం వాలింది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. బల్లమీద బోర్లిస్తే అన్నీ తలనొప్పి బిళ్లల ఖాళీ స్ట్రిప్పులే. లెక్కపెట్టాను. నెలరోజుల్లో 130 బిళ్లలు మింగాడు.

"హకీం సాబ్, రెండేళ్ల కిందట మీరిచ్చిన మందుతోనే తగ్గింది. ఇప్పుడెందుకు తగ్గడం లేదు?" అని అడిగిందామె.

దీనికి జవాబు చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట ఆయన ముక్కు కారుతోందని, కన్ను నీరు పెడుతోందని, తల పగిలిపోతోందని వచ్చాడు. కోరాపుట్ కొండల చలి, పొగమంచు తెలిసిందే కదా, నజ్లా అనుకున్నాను. ఇత్రీఫల్ ఉస్తూఖుద్దూస్ ఇచ్చి, కణతలకు రోగన్ రాసుకోమన్నాను. మూడు వారాల్లో నొప్పి పోయింది. ఆయనా సంతోషించాడు, నేనూ సంతోషించాను. అసలు సంగతి ఏమిటంటే ఆ నొప్పికి ఒక గడువు ఉంటుంది. గడువు తీరి అదే పోయింది, పేరు నా మందుకు వచ్చింది. మరుసటి ఏడు చలికాలంలో అదే నొప్పి మళ్ళీ వస్తే నా మందు పనిచేయలేదు. ఆయన మందుల దుకాణం దారి పట్టాడు.

ఆ ఉదయం ఆయనను కూర్చోబెట్టి గంటసేపు అడిగితే తేలింది ఇది: ఆయనకున్నది ఒక నొప్పి కాదు, రెండు. మొదటిది రోగం వల్ల వచ్చింది. రెండోది బిళ్లల వల్ల వచ్చింది. ఇలాంటి సంచులు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి కనుక ఈ వారం ఈ విషయమే రాస్తున్నాను.

ఇది ఎలాంటి నొప్పి?

దీన్ని డాక్టర్లు క్లస్టర్ తలనొప్పి అంటారు. క్లస్టర్ అంటే గుత్తి. నొప్పులు గుత్తిగా కొన్ని వారాలో, రెండు మూడు నెలలో వరసగా వచ్చి, తర్వాత నెలల తరబడి మాయమవుతాయి. కొద్దిమందికి మాత్రం ఈ విరామం ఉండదు. గుత్తిగా వచ్చే ఈ తీరును 1952లో అమెరికా వైద్యుడు కంకిల్, ఆయన తోటివారు వర్ణించారు. ఆ పేరే నిలిచింది. సుమారు వెయ్యిమందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. మగవారిలో ఎక్కువ, పొగతాగేవారిలో ఇంకా ఎక్కువ. అలాగని ఆడవారికి రాదనుకోకండి.

గుర్తుపట్టడం కష్టం కాదు, అడిగి తెలుసుకోవాలి అంతే. నొప్పి ఒకవైపే, కంటి లోపల, కంటి వెనుక, కణతలో వస్తుంది. ఎర్రగా కాల్చిన చువ్వ గుచ్చినట్టు ఉంటుందని రోగులు చెబుతారు. ఆ వైపు కన్నే ఎర్రబడి నీరు కారుతుంది. ఆ వైపు ముక్కే బిగుసుకుంటుంది లేదా కారుతుంది. రెప్ప వాలుతుంది. మందు వాడకపోతే ఒక్కో పోటు 15 నిమిషాల నుంచి 3 గంటల వరకు ఉంటుంది. రెండు రోజులకు ఒకసారి రావచ్చు, రోజుకు 8 సార్లూ రావచ్చు. చాలామందికి గడియారం పెట్టినట్టు అదే వేళకు, ముఖ్యంగా నిద్రపట్టిన గంటా రెండు గంటలకు వస్తుంది. మెదడు లోపల మన నిద్రనూ మెలకువనూ నడిపే హైపోథాలమస్ అనే భాగానికి దీనితో సంబంధం ఉందని పరిశోధకులు గుర్తించారు. వేళ తప్పకుండా రావడానికి కారణం అదే అంటారు.

పార్శ్వపు నొప్పితో దీన్ని కలిపేయకండి. మన ఇళ్లలో ఆధాసీసీ అనేది, ఒడియావాళ్లు అధకపాళి అనేది ఎక్కువగా పార్శ్వపు నొప్పినే. అది గంటల తరబడి, ఒక్కోసారి మూడు రోజుల దాకా ఉంటుంది. వాంతి వస్తుంది. ఆ రోగి చీకటి గదిలో కదలకుండా పడుకోవాలనుకుంటాడు. క్లస్టర్ రోగి పడుకోలేడు. లేచి తిరుగుతాడు, ముందుకీ వెనక్కీ ఊగుతాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. "రాత్రి ఒంటిగంటకు పెరట్లో పిచ్చివాడిలా తిరుగుతుంటాడు, ఇరుగుపొరుగు గాలి సోకిందంటున్నారు" అని ఆమె ఏడ్చింది. గాలీ కాదు, దయ్యమూ కాదు. ఇది వైద్యం ఉన్న రోగం.

యునాని గ్రంథాల్లో ఏముంది?

మా గ్రంథాల్లో తలనొప్పిని సుదా అంటారు. సగం తలలో వచ్చేదాన్ని షఖీఖా అని వేరుగా చెప్పారు. ఇబ్న్ సీనా (980–1037) తన అల్ ఖానూన్‌లో తలనొప్పుల రకాలను, కారణాలను విడివిడిగా చర్చించాడు. నొప్పి తగ్గించే మందుల గురించి ఆయన చెప్పిన తేడా ఈనాటికీ పనికొస్తుంది. నొప్పికి కారణాన్ని తొలగించే మందు వేరు, తెలివిని మొద్దుబార్చి నొప్పి తెలియకుండా చేసే ముఖద్దిర్ మందు వేరు. రెండోదాన్ని మొదటిదిగా పొరబడితే రోగం లోపల అలాగే ఉంటుంది.

ఇక్కడ మా మందుల మాట కూడా చెప్పాలి. బర్‌షాషా అనే పాత మాజూన్‌లో నల్లమందు పడుతుంది. హబ్బె షిఫా బిళ్లలో ఉమ్మెత్త గింజలు ఉంటాయి. ఇవి యునానివి, కాబట్టి ఎన్ని వేసుకున్నా ఏమీ కాదనుకోవడం పొరపాటు. నల్లమందు అలవాటు చేస్తుంది, తలనొప్పినీ తిరగబెడుతుంది. ఉమ్మెత్త మోతాదు మించితే నోరు ఎండిపోతుంది, చూపు మసకబారుతుంది, మతి తప్పుతుంది. కంటిలో ఒత్తిడి (గ్లకోమా) ఉన్నవారికి, మూత్రం సరిగా రాని పెద్దవారికి మరీ ప్రమాదం. ఇక సంతలో, బస్టాండులో లేబులు లేకుండా అమ్మే తలనొప్పి పొడులలో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు. వాటిని ఇంట్లోకి రానివ్వకండి.

ఇంకొక మాట సూటిగా చెబుతాను. క్లస్టర్ పోటును నిమిషాల్లో ఆపే మందు మా యునానిలో లేదు. హిజామా చేసినా, తైలం రాసినా, ముక్కులో చుక్కలు వేసినా అది ఆగుతుందని నేను చెప్పలేను.

బిళ్ల ఎందుకు మోసం చేస్తుంది?

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి బిళ్ల మింగితే అది కడుపులో కరిగి, రక్తంలో కలిసి పనిచేయడానికి ముప్పావు గంటో గంటో పడుతుంది. క్లస్టర్ పోటు చాలామందికి అంతలోనే దానంతట అదే దిగిపోతుంది. రోగి ఏమనుకుంటాడు? "బిళ్ల వేశాను, తగ్గింది" అనుకుంటాడు. మర్నాడు ఇంకోటి వేస్తాడు. తగ్గడం ఆలస్యమైతే రెండు వేస్తాడు. నా మందుకు నెలలో వచ్చిన పేరే ఆ బిళ్లకు గంటలో వస్తుంది. రెండూ దొంగ పేర్లే.

ఇలా నెలల తరబడి సాగితే రెండో నొప్పి మొదలవుతుంది. రోజూ నొప్పిమందు అందుతున్నకొద్దీ మెదడులో నొప్పిని అదుపుచేసే ఏర్పాటు సడలిపోతుంది. చిన్న నొప్పినీ పెద్దదిగా పట్టుకుంటుంది. మందు ప్రభావం దిగగానే తల మళ్ళీ బరువెక్కుతుంది. దానికి మళ్ళీ బిళ్ల. తాగుడు అలవాటున్నవాడు పొద్దున్నే చేతులు వణుకుతున్నాయని మళ్ళీ తాగినట్టే ఇదీ.

ఈ రెండో నొప్పి తీరు వేరు. తలంతా పట్టేసినట్టు, మందకొడిగా, దాదాపు రోజంతా ఉంటుంది. పొద్దున్న లేవగానే ఉంటుంది. కన్ను ఎర్రబడదు, నీరు కారదు. రాయగడ నుంచి వచ్చిన ఆయనకు రాత్రి ఒంటిగంట పోటు ఒకటి, పగలంతా ఈ బరువు ఒకటి. ఆయన తల్లికి పార్శ్వపు నొప్పి ఉండేదట. క్లస్టర్ రోగుల్లో తమకో రక్తసంబంధీకులకో పార్శ్వపు నొప్పి ఉన్నవారికే ఈ తిరగబెట్టే నొప్పి ఎక్కువగా వస్తుందని వైద్యులు గమనించారు.

లెక్క ఎంత?

అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రచురించిన మూడో వర్గీకరణ ప్రకారం, మొదటి నుంచీ తలనొప్పి జబ్బు ఉన్నవారికి నెలలో 15 రోజులు లేదా అంతకు మించి తలనొప్పి ఉంటూ, మూడు నెలలకు పైగా ఈ కింది లెక్క దాటితే అది మందుల వల్ల వచ్చే తలనొప్పి.

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి ఒంటి మందులు: నెలకు 15 రోజులు లేదా అంతకు మించి.

రెండు మూడు మందులు, కెఫీన్ కలిపిన బిళ్లలు, ఎర్గోటమైన్ ఉన్నవి, ట్రిప్టాన్లు, కోడీన్, ట్రమడాల్ లాంటి నల్లమందు జాతివి: నెలకు 10 రోజులు లేదా అంతకు మించి.

ఇది బిళ్లల లెక్క కాదు, రోజుల లెక్క అని గమనించండి. తలనొప్పికి బిళ్ల వేసుకునే రోజులు వారానికి రెండు దాటకుండా చూసుకుంటే ఈ గొయ్యిలో పడరు.

ఇంకో చిక్కు ఉంది. రాయగడ దుకాణంలో ఒక పేరు, జయపురం దుకాణంలో మరో పేరు, గుణుపురంలో ఇంకో పేరు ఉంటుంది. లోపలి మందు ఒకటే. ఆ సంచిలో నాలుగు పేర్ల స్ట్రిప్పులు ఉన్నాయి, నాలుగింటిలోనూ పారాసిటమాల్ ఉంది. పెద్దవారికైనా అది రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. డైక్లోఫెనాక్ లాంటివి అతిగా వాడితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాలు మీకు కనిపించకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించండి.

అసలైన వైద్యం

ఇక్కడినుంచి చెప్పేది నా చేతిలోని వైద్యం కాదు, న్యూరాలజిస్టు చేయవలసింది. మీరు వెళ్ళి ఏమి అడగాలో తెలియడానికి రాస్తున్నాను.

పోటును ఆపడానికి మొదటిది ఆక్సిజన్. సంచి ఉన్న మాస్కు ద్వారా నిమిషానికి 12 నుంచి 15 లీటర్ల చొప్పున, 15–20 నిమిషాలు, కూర్చుని కొంచెం ముందుకు వంగి పీల్చాలి. 2009లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధనలో, 12 లీటర్ల ఆక్సిజన్ పీల్చినప్పుడు 100 పోట్లలో 78 పావుగంటలో అదుపులోకి వచ్చాయి. మామూలు గాలి పీల్చినప్పుడు 20 మాత్రమే. దీనివల్ల మందుల తలనొప్పి రాదు. 2021లో కరోనా రెండోసారి విజృంభించినప్పుడు కొన్న కాన్సంట్రేటర్ ఇంట్లో ఉందని కొందరంటారు. చాలావాటిలో నిమిషానికి 5 లీటర్లే వస్తుంది. దీనికి అది చాలదు, సిలిండరు కావాలి. పక్కన బీడీ, పొయ్యి, అగరొత్తి ఏదీ వెలగకూడదు. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

రెండోది సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్, 6 మిల్లీగ్రాములు, చర్మం కింద వేస్తారు. పది పదిహేను నిమిషాల్లో పనిచేస్తుంది. 24 గంటల్లో రెండుకు మించకూడదు. ముక్కులో కొట్టే ట్రిప్టాన్ మందులు కూడా ఉన్నాయి. గుండెజబ్బు, పక్షవాతం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ట్రిప్టాన్లు వాడకూడదు. ఎర్గోటమైన్ బిళ్ల వేసుకున్న 24 గంటల్లోపు ట్రిప్టాన్ వేసుకోకూడదు. రక్తనాళాలు మరీ ముడుచుకుపోతాయి.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, పోటు రాకుండా రోజూ వేసుకునే మందు. సాధారణంగా వెరపమిల్ ఇస్తారు. మొదలుపెట్టే ముందు, మోతాదు పెంచినప్పుడల్లా ఇసిజి తీయించాలి. అది పనిచేసేలోగా కొద్దిరోజులు స్టెరాయిడ్ బిళ్లలు గానీ, తల వెనుక నరం దగ్గర ఇంజెక్షన్ గానీ ఇస్తారు. స్టెరాయిడ్ వల్ల చక్కెర పెరుగుతుంది. షుగరు ఉన్నవారు చెప్పి తీరాలి, పాత చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ కొనుక్కోకూడదు. "రోజూ బిళ్ల వద్దన్నారు కదా, మరి ఇదెందుకు?" అని అడుగుతారు. నివారణ మందు వేరు, నొప్పిమందు వేరు. నివారణ మందు తలనొప్పిని తిరగబెట్టదు. రంజాన్‌లో దాని వేళలు ఎలా మార్చుకోవాలో, ఉపవాసం ఉండవచ్చో లేదో నెల ముందే డాక్టరును అడగండి. సొంతంగా మానేయకండి.

బిళ్లలు మానేటప్పుడు

మానిన మొదటి రోజుల్లో తలనొప్పి పెరుగుతుంది. వాంతి, చిరాకు, నిద్రలేమి ఉండవచ్చు. ఎక్కువమందికి ఇది రెండు నుంచి పది రోజుల్లో తగ్గుతుంది. ఈ రోజుల్లోనే ధైర్యం చెడి మళ్ళీ బిళ్ల పట్టేస్తారు. అందుకే నివారణ మందు, పోటుకు ఆక్సిజన్ సిద్ధం చేసుకుని, డాక్టరు పర్యవేక్షణలో మానాలి. మామూలు నొప్పి బిళ్లలను ఒక్కసారిగా మానిపించవచ్చు. కోడీన్, ట్రమడాల్, నిద్రమాత్రలు మాత్రం కొంచెం కొంచెంగా తగ్గించాలి. వాటిని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

గోడమీది క్యాలెండరే మీ డైరీ. పోటు వచ్చిన వేళ ఎర్ర సిరాతో, బిళ్ల వేసిన రోజు నల్ల సిరాతో గుర్తుపెట్టండి. డాక్టరుకు నెల కాగితం చూపిస్తే అరగంట మాటలు మిగులుతాయి.

మా అస్బాబె సిత్తా జరూరియా, అంటే ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరింటిలో, నిద్ర–మెలకువ ఒకటి. రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవండి. నొప్పి నెలల్లో పగటి కునుకు మానండి. బీడీ, సిగరెట్టు మానేయండి. మద్యం ఆ నెలల్లో ఒక్క గుక్క అయినా పోటును రప్పిస్తుంది. ఇప్పసారా, జీలుగు కల్లు అన్నీ అదే లెక్క. నొప్పి పోయిన నెలల్లో ఇవేవీ రప్పించవు కనుక జనం నమ్మరు.

ఎప్పుడు ఆగకూడదు?

మన కోరాపుట్, రాయగడ మలేరియా ప్రాంతాలు. జ్వరంతో తలనొప్పి వస్తే బిళ్ల కంటే ముందు రక్తపరీక్ష. పిడుగు పడ్డట్టు హఠాత్తుగా వచ్చిన నొప్పి, మెడ బిగుసుకోవడం, కాలు చేయి లాగేయడం, మాట తడబడటం, చూపు పోవడం, తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, యాభై దాటాక మొదటిసారి వచ్చిన కొత్త నొప్పి – వీటిలో ఏదున్నా వెంటనే జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి. క్లస్టర్ అనిపించినా మొదటిసారి మెదడు స్కానింగు చేయించమంటారు, చేయించండి.

కోరాపుట్‌లో 2017 నుంచి షహీద్ లక్ష్మణ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రాయగడవారు పార్వతీపురం, విజయనగరం మీదుగా, కోరాపుట్‌వారు అరకు మీదుగా రైల్లో విశాఖపట్నం చేరవచ్చు. అక్కడ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో నరాల విభాగం ఉంది. బయలుదేరే ముందు ఓపీ రోజు కనుక్కోండి.

ఈ నొప్పి మనిషిని ప్రాణం మీద విరక్తికి తెస్తుంది. "ఇంతకంటే చావు నయం" అని రోగి అంటే అది విసుగుతో అన్నమాట అని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

రాయగడ ఆయనను నేను విశాఖకు పంపాను. చీటీలో "నేను నజ్లా అని పొరబడ్డాను" అని కూడా రాశాను. మొదటి వారం చాలా కష్టపడ్డాడు, ఆమె ఆ బిళ్లల డబ్బాకు తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. మూడో వారానికి పగటి బరువు పోయింది. మరుసటి చలికాలం పోటు మళ్ళీ వచ్చింది. రాదని ఎవరూ మాట ఇవ్వలేదు. కానీ ఈసారి మంచం పక్కన సిలిండరు ఉంది. నెల తర్వాత ఆమె నాకు క్యాలెండర్ కాగితం తెచ్చి చూపించింది. అందులో ఎర్ర గుర్తులు పదకొండు ఉన్నాయి, నల్ల గుర్తు ఒక్కటీ లేదు.

మీ ఇంట్లో సంచి ఉంటే ఈ రాత్రే బోర్లించి లెక్కపెట్టండి.